ఇనుములో దూరిన గాలి

పదకొండో భాగం

పోయిన వారం కథ ఎక్కడ ఆగిందో గుర్తుంది కదా. ఏడు వారాలుగా కోటి చొక్కా జేబులోనే తిరుగుతున్న విరిగిన బోల్టు ముక్కను హేమశ్రీ లాక్కుని, "ఇది నా దగ్గరుంటాది, నువ్వెల్లి అన్నం తిను" అని బస్సెక్కేసింది. కోటి బస్సు వెనక పది అడుగులు పరిగెత్తి ఆగిపోయాడు.

కొత్తగా చేరినవాళ్ల కోసం మిగతాది కూడా చెప్పేస్తాను. కోటి, ఫిషింగ్ హార్బర్‌లో సొంత మరబోటు నడిపే గురువులుకి ఒక్కగానొక్క కొడుకు. హేమశ్రీ సబ్బవరం రైతుబిడ్డ. ఆటోనగర్‌లో ఇనప సామాన్లకు జింకు పూత వేసే షాపులో ఆరేళ్లుగా పనిచేస్తోంది. రెండేళ్లుగా ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణం. రెండువేల నాలుగు వేసవిలో వేట నిషేధం ముగిసి బోట్లు సముద్రంలోకి దిగిన ఐదో రోజున, వల లాగే వించి అడుగున బోల్టు ఒకటి విరిగింది. వించి పక్కకి ఒరిగి, ఇనప తాడు ఎగిరొచ్చి గురువులు కుడి చేతి మీద పడింది. బొటనవేలూ పక్కనున్న రెండు వేళ్లూ పోయాయి. ఆ బోల్టు బిగించినవాడు కోటి.

"ఎక్కువ బిగించీసినాను, అయ్య సెయ్యి నానే తీసీసినాను" అని ఆ రోజు నుంచి అదే పాట. బోటెక్కడు, స్పానరు ముట్టుకోడు. పెళ్లి మాటెత్తితే, "ఈ సేతుల్తో నీకు తాళి కట్టలేను హేమా" అన్నాడు. ఇరవై ఆరేళ్ల మగాడు అలా అన్నాక ఏ ఆడపిల్లకి కంటి మీద కునుకు పడుతుంది చెప్పండి. అందుకే ఆ బోల్టు ముక్క పట్టుకుని, షాపు తెరవకముందే హేమశ్రీ గురునాథరావు గారి గుమ్మంలో నిలబడింది.

గురునాథరావు గారి గది లారీలకు బాడీలు కట్టే షెడ్డు వెనక ఉంది. ఒక ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు ఇనుమును పరీక్షించి రిటైరైన మనిషి. ఆటోనగర్‌లో ఎవరి ఇనుము విరిగినా ఆయన దగ్గరికే పట్టుకొస్తారు. ఫీజు అడగడు. వచ్చినవాళ్ల చేత టీలు మాత్రం రెండు తెప్పిస్తాడు, రెండూ ఆయనే తాగుతాడు. హేమశ్రీ ఆ సంగతి తెలిసి మూడు తెచ్చింది.

ఆయన భూతద్దం కంటికి పెట్టుకుని ఆ ముక్కను చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. మొదటి టీ చల్లారిపోయింది.

"ఇది ఎక్కువ బిగించి విరగ్గొట్టింది కాదమ్మాయ్" అన్నాడు చివరికి.

హేమశ్రీ స్టూలు మీద కూలబడింది. "నిజంగానా సార్? మళ్లీ ఒకసారి సూడండి."

"నాలుగుసార్లు చూశాను. ఇదిగో, నువ్వూ చూడు." ఆయన డ్రాయరులోంచి ఇంకో బోల్టు తీసి దాని పక్కన పెట్టాడు. "ఇది ఎక్కువ బిగిస్తే తెగింది. మెడ ఎలా సాగిందో చూశావా, లాగి తెంపిన బెల్లం పాకంలా సన్నబడింది. నీ బోల్టు మెడ సాగిందా? లేదు. ఎంత లావుందో అంత లావూ ఉంది. లోపల చూస్తే ఉప్పు గళ్లలాగ పలుకులు పలుకులుగా ఉంది. బిగించినవాడి తప్పేమీ లేదు."

"మరేటి విరగ్గొట్టింది?"

"గాలి."

హేమశ్రీకి నవ్వొచ్చింది. పెద్దాయన తనను ఆట పట్టిస్తున్నాడనుకుంది.

"నవ్వకు. మీ షాపులో తుప్పు వదలడానికి ఇనుమును యాసిడ్ తొట్టిలో వేస్తారు కదా. బుడగలొస్తాయి కదా. ఆ బుడగల్లో ఉన్నది హైడ్రోజన్. యాసిడ్ ఇనుమును తింటుంటే అది పుడుతుంది. పుట్టేటప్పుడు ఒక్కొక్క రేణువూ ఒంటరిగా పుడుతుంది. రెండు జత కలిస్తే బుడగై పైకి పోతాయి. జత దొరికేలోపు కొన్ని ఇనుములోకి దూరిపోతాయి. అంత చిన్నవి, లోకంలో వాటికంటే చిన్నవి లేవు. సముద్రపు నీళ్లలో తుప్పు పట్టేటప్పుడు కూడా సందుల్లోనూ గుంటల్లోనూ ఇదే జరుగుతుంది. కాకపోతే అక్కడ నెమ్మదిగా, మీ తొట్టిలో గబగబా."

"అన్నీ విరగవు కదా సార్. రోజూ ఏస్తన్నాం."

"మెత్తని ఇనుమైతే ఓర్చుకుంటుంది. ఇది గట్టి ఉక్కు, దీనికి ఓర్పు లేదు. బిగించినప్పుడు బోల్టు లాగుడులో ఉంటుంది. లోపలున్న గాలంతా మెల్లమెల్లగా ఎక్కడ లాగుడు ఎక్కువుంటే అక్కడికి చేరుతుంది. రెండు రోజులు ఏమీ ఉండదు, పది రోజులు ఏమీ ఉండదు. పైకి చూస్తే తుప్పు చుక్క కూడా కనబడదు, తళతళ మెరుస్తూ ఉంటుంది. తర్వాత ఒక్కసారిగా టప్పుమంటుంది."

"ఆ గాలి బయటికి పోయే దారి లేదా?"

"ఎందుకు లేదు? పూత వేసిన వెంటనే ఓవెన్‌లో పెట్టి నాలుగ్గంటలు వేడి చేస్తే పోతుంది. మీ షాపులో ఓవెన్ ఉందిగా. దీన్ని ఎవరో పెట్టలేదు." ఆయన రెండో టీ అందుకుంటూ తలెత్తి హేమశ్రీ ముఖం చూశాడు. మూడో టీ ఆమె ముందుకి జరిపాడు.

గట్టి బోల్టులు ఓవెన్‌లో నాలుగ్గంటలు అని వాళ్ల షాపు గోడ మీద ఓనరు ఎర్ర పెయింటుతో రాయించాడు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. ఆయనకైనా తెలుసో లేదో. షాపులో అందరూ అది తడి ఆరడానికి అనుకునేవాళ్లు. హేమశ్రీ కూడా అలాగే అనుకుంది.

ఆ బోల్టులకి పూత వేసిన రోజు మే ముప్పై ఒకటి. మర్నాడు తెల్లారేసరికి బోట్లన్నీ బయల్దేరతాయి. సీజన్లో మొదటి రోజున బోటు మీద ఇనుమన్నది ఏదైనా సరే మెరవాలని గురువులు పట్టుదల. ఆ పట్టుదల ఆయనకి తండ్రి నుంచి వచ్చింది. బోటు కొత్త పెళ్లికూతురిలా లేకపోతే గంగమ్మ తల్లి ముందు నామోషీ అంటాడు. వించికి కొత్త బోల్టులు కొని, వాటి నలుపు పోయేలా తెల్లటి పూత వేయించుకు రమ్మని కోటిని పంపాడు.

"తెల్లగా ఉండాల హేమా. అయ్యకి మొకం కనబడాల అందులో" అని కోటి నవ్వాడు. ఆ నవ్వు కోసం హేమశ్రీ బోల్టుల్ని యాసిడ్‌లో రెండింతలసేపు ఉంచింది. పూత నిజంగానే వెండిలా వచ్చింది. ఓవెన్ దగ్గరికి పట్టుకెళ్తుంటే కోటి గుమ్మంలోంచి, "మీ వూరిదాకా బండి మీద దిగబెట్టీసి వస్తాను, వస్తావా?" అన్నాడు. బండి వాళ్ల పిన్ని కొడుకుది, ఏడు గంటలకల్లా తిరిగి ఇచ్చెయ్యాలి. నాలుగ్గంటలు ఓవెన్ దగ్గర కూర్చుంటే బండీ లేదు, సబ్బవరమూ లేదు. మే నెల ఎండకి వాటంతట అవే ఆరతాయిలే అనుకుంది. గోనెగుడ్డలో చుట్టి కోటి చేతికిచ్చి, చెప్పులేసుకుని వచ్చేసింది.

దారిలో తాటి ముంజలు కొనుక్కు తిన్నారు. ఆ సాయంత్రాన్ని తలుచుకుంటూ ఏడు వారాలుగా ధైర్యం తెచ్చుకుంటోంది పిచ్చిపిల్ల.

*

ఆటోనగర్ నుంచి హార్బర్‌కి రెండు బస్సులు మారాలి. మొదటి బస్సులో హేమశ్రీ ఏడ్చింది. రెండో బస్సులో ఆలోచించింది.

గురునాథరావు గారి మాటల్లో సగం చెప్తే చాలు. నీ బిగింపు తప్పు కాదు కోటీ, బోల్టులోనే దోషం ఉంది. ఆ ఒక్క ముక్కతో కోటి మళ్లీ మనిషవుతాడు, బోటెక్కుతాడు, తాళి కడతాడు. రెండో సగం గురునాథరావు గారికీ తనకీ తప్ప ఎవరికీ తెలియదు, ఆయన నోరు విప్పే మనిషి కాదు. రెండో సగం చెప్తే మాత్రం ఆ ఇంటి గడప మళ్లీ తొక్కనివ్వరు. తొక్కనివ్వకపోతే వాళ్లననడానికి ఏమీ ఉండదు. చేతి వేళ్లు పోయిన మనిషి ఇంటికి, వాటిని పోగొట్టిన పిల్ల కోడలిగా ఎలా వస్తుంది? అబద్ధం చెప్పడం లేదు కదా, సగమే కదా చెప్పడం అని తనకి తానే నచ్చజెప్పుకుంది. బస్సు దిగేసరికి అదే ఖాయం చేసుకుంది.

హార్బర్ వెనక పేటలో గురువులు ఇంటి ముందు అరుగు మీద చిరిగిన వల పరిచి ఉంది. గురువులు ఎడమ చేత్తో వల కుట్టే సూది ఆడిస్తున్నాడు. ముప్పై ఏళ్లు కుడి చేత్తో కుట్టినవాడికి ఎడమ చెయ్యి మాట వినడం లేదు. ముడి వేసినప్పుడల్లా జారిపోతోంది. కోటి ఎదురుగా కూర్చుని వల అంచు బిగించి పట్టుకున్నాడు. తండ్రి ముడి జారినప్పుడల్లా వాడి కళ్లు కిందికి దిగిపోతున్నాయి. లోపల కోటి తల్లి పోతమ్మ అంట్లు తోముతోంది.

"వచ్చినావా అమ్మా, కూకో" అన్నాడు గురువులు.

ఇక్కడో చిన్న చిక్కు చెప్పాలి. హేమశ్రీ రెండేళ్లలో ఈ ఇంటికి ఆరేడుసార్లు వచ్చింది గానీ, గురువులుని ఒక్కసారి కూడా వరస పెట్టి పిలవలేదు. బాబాయ్ అందామంటే కోటి అన్నయ్యైపోతాడు. మావయ్య అందామంటే తొందరపడినట్టుంటుంది. అందుకని ఎప్పుడూ, "ఇదిగోండి", "మరేనండి" అంటూ నెట్టుకొచ్చింది. పోతమ్మతో ఆ చిక్కు కూడా లేదు, ఆవిడ అసలు మాట్లాడేదే కాదు. టీ గ్లాసు తెచ్చి ముందు పెట్టి వెళ్లిపోయేది.

హేమశ్రీ అరుగు మీద కూర్చుని సంచిలోంచి రెండు బోల్టులు తీసింది. ఒకటి కోటిది. రెండోది గురునాథరావు గారిని అడిగి తెచ్చుకున్న సాగిన బోల్టు.

"కోటీ, ఇలా సూడు. ఎక్కువ బిగిస్తే ఇలా అవుతాది. మెడ సన్నబడిపోద్ది. ఇది నీది. సన్నబడిందేటి?"

కోటి చూడలేదు. "ఎందుకొచ్చిన గొడవ హేమా, ఒగ్గీ."

"సూడమంటన్నానా!"

ఆ గొంతుకి లోపల అంట్ల చప్పుడు ఆగిపోయింది. కోటి రెండింటినీ తీసుకుని పక్కపక్కన పెట్టాడు. ముందు మామూలుగా చూశాడు. తర్వాత వేలితో తడిమి చూశాడు. అలా తడుముతూనే ఉన్నాడు.

"ముప్పై ఏళ్లు ఇదే పని సేసిన పెద్దాయన సూసి సెప్పినాడు. నీ బిగింపు సరిగ్గానే ఉంది. ఇనుములోకి గాలి దూరిపోయిందంట. యాసిడ్‌లో ఏసినప్పుడు దూరి, లోపలే ఉండిపోయి, అదే విరగ్గొట్టిందంట. ఎవరు బిగించినా విరిగీదే. నువ్వు కాదు కోటీ. నీ సేతులు కాదు."

"మళ్లీ సెప్పు" అన్నాడు కోటి.

"నువ్వు కాదు."

"నాను మొదట్నుంచీ సెప్తనే ఉన్నాను కాదేట్రా!" గురువులు సూది వల మీద పడేశాడు. "నీ బిగింపు నాకు తెలదేటి? పన్నెండో ఏట నుంచీ నా పక్కనే బిగిత్తన్నావు. నా మాట ఇన్నావా?"

కోటి లేచి వీధి కుళాయి దగ్గరికి వెళ్లి ముఖం కడుక్కున్నాడు. తిరిగొచ్చాడు. మళ్లీ వెళ్లి మళ్లీ కడుక్కున్నాడు. మూడోసారి వెళ్లబోతుంటే పోతమ్మ గుమ్మంలోకి వచ్చి, వాడి భుజం పట్టుకుని కూర్చోబెట్టి, చద్దన్నం కంచంలో వేసి చేపల పులుసు పోసింది. వాడు వంచిన తల ఎత్తకుండా తిన్నాడు. మళ్లీ వేస్తే మళ్లీ తిన్నాడు. ఏడు వారాల ఆకలి ఒక్కపూట బయటికొచ్చినట్టుంది. పోతమ్మ కొంగుతో కళ్లొత్తుకుంటూ కొడుకు పెద్ద పెద్ద ముద్దలు మింగడం చూస్తోంది. హేమశ్రీకి గుండె నిండిపోయింది. ఇక్కడ ఆపేస్తే చాలు. ఎంత బాగుంది!

"నా కొడుకుని నాకు మళ్లీ తెచ్చిచ్చినావు తల్లీ" అన్నాడు గురువులు. రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టబోయి, అది కుదరదని గుర్తొచ్చి, ఎడమ చెయ్యి ఒక్కటే గుండె మీద పెట్టుకున్నాడు. "నీలాంటి పిల్ల మా ఇంటికి రావాల. ఈ యేడే ముహూర్తం పెట్టించీస్తాను. ఏటంటావు పోతమ్మా?"

ఆ ఒక్క చెయ్యి చూశాక దాచడం హేమశ్రీ వల్ల కాలేదు.

"మావయ్యా" అంది. పిలిచానని కూడా ఆమెకి తెలియలేదు. "ఆ గాలి బయటికి పోడానికి దారుంది. పూతేసిన ఎంటనే ఓవెన్‌లో నాలుగ్గంటలు పెట్టాల. మా షాపు గోడ మీద రాసుంది. ఆరేళ్లుగా రోజూ సదూతన్నాను. మీ బోల్టులకి పూతేసింది నానే. ఓవెన్‌లో పెట్టలేదు."

కోటి చెయ్యి కంచంలో ఆగిపోయింది.

"మర్సిపోయినావా?" అన్నాడు గురువులు. మరిచిపోయానని చెప్పమన్నట్టుగా ఉంది ఆ అడగడం.

"లేదు. గుర్తుంది. ఎందుకు పెట్టాలో తెలదు గాని, పెట్టాలని తెలుసు. నాలుగ్గంటలు కూకుంటే కోటితో బండి మీద ఎల్లడానికి అవదని ఒగ్గీసినాను."

"రమ్మన్నది నాను" అన్నాడు కోటి.

"నువ్వు రమ్మన్నావు. నాను రాలేనని అనొచ్చు. అన్లేదు. నాకు రావాలనిపించింది. నువ్వు నీది కాని తప్పు ఏడు వారాలు మోసినావు. ఇది నాది. నాకిచ్చీ."

గురువులు తన కుడి చేతిని ఒళ్లో పెట్టుకుని చూసుకున్నాడు. కుట్లు మానిన చోట చర్మం ఇంకా గులాబీ రంగులోనే ఉంది. తిట్టినా బాగుండేది, లేచి పొమ్మన్నా బాగుండేదని హేమశ్రీకి అనిపించింది.

"ఆ రోజు సబ్బవరం దాకా ఎల్లినారా?" అని అడిగాడు.

"ఎల్లినాం."

"దార్లో ఏటి తిన్నారు?"

"తాటి ముంజలు." హేమశ్రీకి ఏడుపు తన్నుకొచ్చింది.

"తెల్లగా మెరవాలని పట్టుబట్టింది నాను" అన్నాడు గురువులు. తనలో తను అనుకుంటున్నట్టు అన్నాడు. "మామూలు నల్ల బోల్టు బిగించినా వల వచ్చీది. సూడమ్మా, నాకు కోపం ఉంది. లేదని అబద్దం సెప్పను. రేపు కూడా ఉంటాది. పొద్దున్నే ఈ సెయ్యి సూసుకున్నప్పుడల్లా ఉంటాది. గాని నువ్వు సెప్పకపోతే మాకీ జన్మలో తెలదు. ముహూర్తం పెట్టిస్తానన్నాక కూడా సెప్పినావు." ఆయన వల అంచు ఎత్తి ఆమె వైపు జరిపాడు. "వాడి సెయ్యి ఎంగిలి. ఇలా వచ్చి నువ్వు పట్టుకో."

హేమశ్రీ వల అంచు పట్టుకుంది. ముడి ఇంకోసారి జారిపోయింది. గురువులు మళ్లీ వేశాడు. ఈసారి పడింది. కోటి కంచం ముందు అలాగే కూర్చుని వాళ్లిద్దర్నీ చూస్తూ ఉండిపోయాడు. ఆ పిల్ల మీద వాడికి కోపం రాలేదు. ఇన్నాళ్లూ తన మీద తనకున్న కోపమే ఇంకా పూర్తిగా దిగలేదు, కొత్త కోపానికి చోటెక్కడిది?

గురువులు పనివాడు. బాధలో కూడా పని గుర్తొస్తుంది.

"అయితే మన వించికి ఇంకా ఏడు బోల్టులున్నాయి. అయ్యి కూడా అలాంటివేనా?"

"అన్నీ ఒకేసారి ఏసినాను. అన్నీ తీసీవాల" అంది హేమశ్రీ.

"నాను తీత్తాను" అన్నాడు కోటి. స్పానరు ముట్టుకోనివాడు ఆ మాట అనడం గురువులూ హేమశ్రీ ఇద్దరూ గమనించారు. "నాలుగు మిగిలిపోనాయి కదా, రేకు పెట్టెలో ఉన్నాయి. అయ్యి కూడా పారేద్దాం."

వాడు చెయ్యి కడుక్కుని లోపలికి వెళ్లబోయాడు.

"అందులో లేవు" అంది పోతమ్మ.

హేమశ్రీ ముందు ఆవిడ నోరు విప్పడం అదే మొదలు. గుమ్మం పట్టుకుని నిలబడింది. ముఖంలో నెత్తురు లేదు.

"ఆటిని సూసినప్పుడల్లా నువ్వు అన్నం ఒగ్గీసి లేసిపోతన్నావు. నీ కళ్లబడకుండా ఎవులికైనా ఇచ్చీద్దారనుకున్నాను. మొన్న సూరన్న వచ్చి, వించి బోల్టులు తుప్పట్టిపోనాయక్కా అన్నాడు. కొత్తవి, ఎండిలాగున్నాయని ఇచ్చీసినాను. నిన్న సాయంత్రం బిగించుకున్నాడు."

సూరన్న పోతమ్మ తమ్ముడు. వాడి బోటు ఆ తెల్లవారుజామునే వేటకి వెళ్లింది.

కోటి పరుగెత్తాడు. హార్బర్ ఆఫీసులో వైర్‌లెస్ సెట్టు ఉంది. పావుగంటలో రొప్పుతూ తిరిగొచ్చాడు. "పలకట్లేదు. సెట్టు కట్టీసినాడు." సూరన్నకి అది అలవాటే. చేపలున్న చోటు పక్క బోటువాళ్లకి తెలిసిపోతుందని, సముద్రంలో సెట్టు కట్టేసి కూర్చుంటాడు. ఆ తెలివికి హార్బర్లో అందరూ వాణ్ణి మెచ్చుకుంటారు కూడా.

"మన బోటు తీత్తాను అయ్యా" అన్నాడు కోటి.

"తియ్యి. గాని ఎల్లి ఏటి సెప్తావు? తళతళలాడే బోల్టులు ఇప్పెయ్యమంటే ఆడు నవ్వుతాడు. గాలి దూరిందంటే ఇంకా నవ్వుతాడు. నీకు బుర్ర సెడిందని ఊరంతా అనుకుంటన్నారు, ఆడూ అదే అనుకుంటాడు." గురువులు హేమశ్రీ వైపు చూశాడు. "సేసిన మనిషి ఎదట నిలబడి సెప్పాల."

అని, ఏమన్నాడో అప్పుడు తెలిసి ఆగిపోయాడు. ఆ ఇంట్లో ఆడది బోటెక్కడం లేదు. పోతమ్మ ముప్పై ఏళ్ల కాపురంలో జెట్టీ మీంచి నీళ్ల బిందె అందించడమే గానీ, బోటు మీద కాలు పెట్టింది లేదు. అది గంగమ్మ తల్లికి చెల్లించే మర్యాద. గురువులు తాత కాలం నుంచి ఎవరూ తప్పలేదు. కోటి తండ్రిని చూశాడు, తండ్రి భార్యని చూశాడు.

పోతమ్మ తడి చేతులు కొంగుకి తుడుచుకుంది. కొంగు తిప్పి నడుముకి బిగించి దోపింది. అరుగు దిగి, వల అంచు ఇంకా పట్టుకుని కూర్చున్న హేమశ్రీ దగ్గరికొచ్చి, చెయ్యి పట్టుకుని లేపింది.

"నడు. నానూ వస్తాను" అంది. "బోల్టులు సేసింది నువ్వు, ఇచ్చింది నాను. ఆ బోటులో ఏడుగురున్నారు. తల్లికి కోపమొస్తే నా మీద రమ్మను."

జెట్టీ దాకా నలుగురూ దాదాపు పరుగెత్తారు. పోతమ్మ ఆ చెయ్యి వదల్లేదు. కోటి బోటులోకి దూకి ఇంజను మీద గుడ్డ లాగేశాడు. వలలు సర్దుకుంటున్న వాళ్లూ, ఐసు గంపలు మోస్తున్న ఆడవాళ్లూ ఎక్కడి పని అక్కడ ఆపి చూస్తున్నారు. కోటి చెయ్యి అందించాడు. హేమశ్రీ ఎక్కింది. పోతమ్మ అంచు మీద ఒక కాలు పెట్టి, వంగి, బోటు చెక్కని వేళ్లతో తాకి కళ్లకద్దుకుని రెండో కాలు కూడా పెట్టింది. గురువులు జెట్టీ మీంచి ఎడమ చేత్తో తాడు విప్పి తనూ ఎక్కాడు.

అప్పుడే ఆఫీసు వైపు నుంచి వైర్‌లెస్ సెట్టు దగ్గరుండే మనిషి చేతులూపుతూ వచ్చాడు. పాపం, మంచి కబురు తెస్తున్నాననుకుని ముఖమంతా నవ్వు.

"కోటీ! మీ మావ ఇప్పుడే సెట్టు తెరిసినాడు. భీమిలి దాటి ఉన్నాడంట. వల నిండిపోతందంట, ఇంజను లాగలేకపోతందంట. ఇంత బరువు ఈ సీజన్లో ఎవుడికీ పడలేదంటన్నాడు. రెండు గంటల్లో పైకి లాగుతాడంట!"

"బోల్టుల మాట సెప్పినావా?" అని అరిచాడు కోటి.

"ఏ బోల్టులు? ఆ ముక్క సెప్పీసి మళ్లీ కట్టీసినాడు."

ఇందాక కంగారులో, ఎందుకు పిలవాలో కోటి ఆ మనిషికి చెప్పనే లేదు. భీమిలి దాటడానికి వీళ్ల బోటుకి రెండు గంటలు పడుతుంది. గురువులు లెక్క వేసుకుని కళ్లు మూసుకున్నాడు. హేమశ్రీ పోతమ్మ భుజానికి ఆనుకుంది. కోటి ఇంజను దగ్గర నిలబడి ఉన్నాడు గానీ చెయ్యి కదలడం లేదు. ఏడు వారాల తర్వాత ఆ చేతిని వాడే నమ్మలేకపోతున్నాడు.

కొడుకుని సముద్రం పేరెత్తకుండా ఏడు వారాలు ఇంట్లో దాచుకున్న పోతమ్మ, హార్బరంతా వినబడేలా అరిచింది.

"ఏటి సూత్తన్నావురా కోటీ, తియ్యి! బోటు తియ్యి!"